వెనక నిలబడ్డవాడి మోత

యాభై ఏళ్ళు దాటిన ఏసీ/డీసీ బ్యాండు తన పాత బాణీని మళ్ళీ ఎలా అందుకుంది? ఆ కిటుకు కడప జిల్లా సురభికి ఎప్పుడో తెలుసు.

2017 నవంబరు చివరికి ఏసీ/డీసీ బ్యాండులో పాతవాళ్ళ లెక్క తీస్తే మిగిలింది ఒక్కడే. గాయకుడు బ్రయాన్ జాన్సన్‌కు వినికిడి దెబ్బతింది. ఇంకా స్టేడియాల్లో పాడితే చెవులు పూర్తిగా పోతాయని డాక్టర్లు చెప్పడంతో 2016లో టూరు మధ్యలోనే దిగిపోయాడు. మిగిలిన కచేరీలను గన్స్ అండ్ రోజెస్ గాయకుడు ఆక్సల్ రోజ్‌ను పెట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చారు. డ్రమ్మర్ ఫిల్ రడ్ న్యూజిలాండ్‌లో కోర్టు కేసుల్లో ఇరుక్కుని అంతకుముందే దూరమయ్యాడు. బేస్ గిటారు వాయించే క్లిఫ్ విలియమ్స్ ఇక చాలనుకుని ఇంటిదారి పట్టాడు. బ్యాండును పుట్టించిన మాల్కమ్ యంగ్ మతిమరుపు జబ్బుతో 2014లోనే తప్పుకుని, 2017 నవంబరు 18న కన్నుమూశాడు. అంతకు నెల రోజుల లోపు ముందే, తొలిరోజుల్లో వీళ్ళకు రికార్డింగు ఓనమాలు దిద్దించిన అన్న జార్జ్ యంగ్ పోయాడు. మిగిలిన ఆ ఒక్కడు తమ్ముడు ఆంగస్. అరవై దాటినా స్కూలు పిల్లాడి నిక్కరు, టై వేసుకుని స్టేజీ మీద ఒంటికాలి గెంతులేసే ఆంగస్.

ఇక దుకాణం కట్టేసినట్టే అని అభిమానులే అనుకున్నారు. 2018 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్‌లో ఒక స్టూడియో వెనక వరండాలో బ్రయాన్, ఫిల్ రడ్ నిలబడి ఉండగా ఎవరో దూరం నుంచి ఫొటోలు తీశారు. ఆ తర్వాత రెండేళ్ళు బ్యాండు కిక్కురుమనలేదు. 2020 నవంబరు 13న, ప్రపంచమంతా మాస్కులు కట్టుకుని ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లో, ‘పవర్ అప్’ అనే ఆల్బమ్ వచ్చింది. పన్నెండు పాటలు, నలభై ఒక్క నిమిషాలు. అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో వచ్చీ రాగానే మొదటి స్థానం.

అందులో కొత్తదనం వెతికితే దొరకదు. 1980లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పక్కన పెట్టి వింటే అదే కొట్టుడు, అదే ఆగుడు, అదే గొంతు గీరుడు. అవే పాటలు మళ్ళీ మళ్ళీ చేస్తారన్న ఎత్తిపొడుపు ఈ బ్యాండు మీద నలభై ఏళ్ళుగా ఉంది. దాని మీద ఆంగస్ తనే జోకులేసుకుంటాడు. నాకు ఆ ఎత్తిపొడుపు ఎప్పుడూ అర్థం కాలేదు. అవే వండడం తేలికైతే అందరికీ కుదరాలి కదా. రాగి సంగటిలో పడేది బియ్యం, రాగిపిండి, ఉప్పు, నీళ్ళు. అయినా ఏ ఇంట్లో సంగటి ముద్ద ఉండ కట్టకుండా వస్తుందో ఊరందరికీ తెలుసు. అది గెలికే చేతిలో ఉంటుంది.

కడప వైవీ స్ట్రీట్‌లో, కర్నూలు పార్కు రోడ్డులో మెరుపు గుర్తుతో ఏసీ/డీసీ అని రాసిన నల్ల టీషర్టులు వేలాడుతుంటాయి. వేసుకున్న కుర్రాళ్ళలో పాట విన్నవాళ్ళు తక్కువే. విన్నవాళ్ళు ఎక్కువగా ఇంజనీరింగ్ హాస్టళ్ళలో సీనియర్ల దగ్గర క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకున్న తరం. 2007లో ఐరన్ మెయిడెన్ కోసమో, 2011లో మెటాలికా కోసమో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు బస్సెక్కిన తరం. ఇప్పుడు వాళ్ళకు జుట్టు నెరిసింది, ఈఎంఐలు నడుస్తున్నాయి. ఈ కథనం వాళ్ళకూ, వాళ్ళ టీషర్టు తొడుక్కున్న వాళ్ళ పిల్లలకూ.

ఏసీ/డీసీ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆంగస్. ఎర్రటి గిబ్సన్ ఎస్‌జీ గిటారు, చెమటకు తడిసిన స్కూలు చొక్కా, నేలమీద పడి గిరగిరా తిరుగుతూ వాయించడం. కెమెరా అతన్ని వదలదు. కానీ బ్యాండు మోత అతనిది కాదు. అది డ్రమ్ముల పక్కన, ఆంప్లిఫయర్ల వరుసకు ఆనుకుని నిలబడ్డ మాల్కమ్‌ది. కచేరీ వీడియో ఏదైనా తీసి చూడండి. కోరస్ వచ్చినప్పుడు మాల్కమ్ నాలుగడుగులు ముందుకొచ్చి మైకులో గొంతు కలుపుతాడు. కోరస్ అయిపోగానే తిరిగి వెనక్కి, తన చోటికి. రెండు గంటల కచేరీలో అతని నడకంతా అంతే. కాలు మాత్రం తాళం వేస్తూనే ఉంటుంది.

అతని గిటారు 1963 నాటి గ్రెట్ష్. తీగల కదలికను పట్టి కరెంటుగా మార్చే పికప్పుల్లో ఒక్కదాన్నే ఉంచి మిగతావి పీకేశాడు. పీకిన చోట గుంతలు పడితే వాటిని అలాగే వదిలేశాడు. పైనున్న ఎర్ర రంగు గీకేసి చెక్కను బయటపెట్టాడు. తీగలు మాత్రం మిగతా రాక్ గిటారిస్టులు వేళ్ళు నొప్పని జడిసేంత లావువి. అన్నిటికంటే వింత, ఆంప్‌లో గెయిన్, అంటే గరగర పెంచే మీట, బాగా తగ్గించి వాయించేవాడు. హార్డ్ రాక్ అంటే గిటారు గరగరలాడాలి కదా, ఆ గరగర ఎక్కువయ్యేకొద్దీ తప్పులు దానికింద దాక్కుంటాయి. గెయిన్ తగ్గిస్తే దాక్కోడానికి చోటుండదు. ఏ తీగ ముందు మోగింది, ఏది ఆలస్యమైంది అన్నీ వినిపిస్తాయి. అంత శుభ్రమైన ధ్వనితో అంత బరువు తేవాలంటే కుడిచేయి నిక్కచ్చిగా పడాలి. మాల్కమ్ చేయి అలా పడేది.

ఇంకొకటుంది. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ మొదలు వినండి. ఒక దెబ్బ పడుతుంది, ఆగుతుంది. ఇంకొన్ని చిన్న దెబ్బలు, మళ్ళీ ఆగుతుంది. ఆ ఖాళీలోనే తల ఊగుతుంది. చాలా బ్యాండులు ఆ ఖాళీని చూసి భయపడి ఏదో ఒకటి నింపేస్తాయి.

యంగ్ కుటుంబం 1963లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి సిడ్నీకి వలస పోయింది. జార్జ్ అక్కడ ఈజీబీట్స్ బ్యాండుతో పేరు తెచ్చుకున్నాడు. 1973లో మాల్కమ్, ఆంగస్ తమ బ్యాండు పెట్టారు. పేరు అక్క మార్గరెట్ కుట్టుమిషన్ మీద చూసింది. స్కూలు యూనిఫారం ఆలోచనా ఆమెదే. తొలి గాయకుల్లో పేరుపడ్డ బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో చనిపోతే, ఐదు నెలలకే బ్రయాన్ జాన్సన్ గొంతుతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ తెచ్చారు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన ఆల్బమ్‌ల వరుసలో అది ఇవాళ్టికీ ఉంది. నడిపిందంతా ఒక కుటుంబం. అన్న నేర్పాడు, అక్క బట్టలు కుట్టింది, తమ్ముళ్ళు వాయించారు.

ఈ కుటుంబం కథ చదివిన ప్రతిసారీ నాకు చక్రాయపేట మండలంలోని సురభి ఊరు గుర్తొస్తుంది. తోలుబొమ్మలాట ఆడించే కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు 1885లో ఆ ఊళ్ళో ‘కీచకవధ’ ఆడించాడు. బొమ్మల స్థానంలో మనుషులు స్టేజీ ఎక్కారు. ఆడవేషం మగవాళ్ళే కట్టే రోజుల్లో ఇంటి ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టారు. కొడుకులు, కోడళ్ళు, మేనల్లుళ్ళు, మనవళ్ళు శాఖలుగా విడిపోయి ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలయ్యారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి ఆ కుదురు నుంచి వచ్చినామే. ఆ సినిమా రంగమే తర్వాత వాళ్ళ డేరాల్ని ఒక్కొక్కటిగా పీకించింది. సమాజాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

సురభివాళ్ళూ కొత్తదారి పట్టి చూశారు. 1990లలో నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్ళతో ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించాడు. జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా వాళ్ళ చేత ఆడించాడు. మంచి పని, పేరూ వచ్చింది. కానీ ‘సురభి నాటకం’ అని టికెట్టు కొనేవాడు అడిగేది ‘మాయాబజార్’. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొచ్చి పడాలి. బాణం, బాణం గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలాలి. నారదుడు మబ్బుల్లోంచి దిగాలి. వాళ్ళు తిరిగి అక్కడికే వచ్చారు. ఆ పాత నాటకాలే వాళ్ళను 2013లో ఫ్రాన్స్‌కు తీసుకెళ్ళాయి. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి నాగేశ్వరరావుకు, అంటే బాబ్జీ గారికి, అదే ఏడాది పద్మశ్రీ వచ్చింది.

సురభిని ముందు వరుసలో కూర్చుని చూస్తే మాయ కనిపిస్తుంది. పక్కనుంచి, సైడు రెక్కల సందులోంచి చూస్తే ఇంకో నాటకం. సన్నటి తీగలు, కప్పీలు, చుట్టిన తెరలు. బనియన్లతో నిలబడి తాడు లాగే నలుగురైదుగురు. లడ్డూ ఎగరాలంటే ఆ తాడు ఘటోత్కచుడు నోరు తెరిచే క్షణానికి లాగాలి. అర క్షణం ముందైనా వెనకైనా లడ్డూ ముక్కుకు తగులుతుంది, జనం నవ్వుతారు. కింద హార్మోనియం దగ్గర కూర్చున్నవాడి కన్ను స్టేజీ మీదే ఉంటుంది. పద్యం పాడేవాడు ఊపిరి తీసే చోట ఈయన శ్రుతి నింపాలి, రాగం తీసే చోట తగ్గాలి. వీళ్ళ ఫొటోలు పేపర్లో రావు. మాల్కమ్ చేసింది ఈ తాడు లాగే పనే.

పాతదానికి తిరిగొచ్చే పని ఎక్కడ తప్పుతుందో చూడాలంటే మిగతా బ్యాండుల వైపు కాస్త తొంగిచూడాలి. రిక్ రూబిన్ అనే అమెరికన్ నిర్మాత ఈ తరహా వైద్యానికి పేరుమోసినవాడు. వయసు మళ్ళిన బ్యాండును కూర్చోబెట్టి, మీ తొలి రికార్డు వినండి, అలా చేయండి అంటాడు. మెటాలికాకు 2008లో అదే మందు వేశాడు. ‘డెత్ మ్యాగ్నెటిక్’లో పాటలు పాత వేగానికి వచ్చాయి కానీ రికార్డింగు ధ్వని ఎంత పెంచారంటే డ్రమ్ము దెబ్బలు చిరిగిపోయినట్టు వినిపించాయి. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో కొంచెం తక్కువ మోతతో ఉంటే, అభిమానులు ఆల్బమ్ వదిలేసి ఆ గేమ్‌లోవి వెతుక్కున్నారు.

మన దగ్గర వినాయక నిమజ్జనం నాడు కర్నూలు కేసీ కెనాల్ గట్టున నిలబడితే ఇదే సంగతి ఒంటికి తెలుస్తుంది. డీజే బాక్సులు లారీ ఎత్తున పేర్చి వదిలితే గుండెలదురుతాయి, కాసేపటికి తలనొప్పి. అదే దేవరగట్టు దసరా రాత్రి డోళ్ళు గానీ, పీర్ల పండగ నాడు గుండం చుట్టూ తప్పెట్లు గానీ గంటలకొద్దీ మోగినా కాళ్ళు అక్కణ్ణుంచి కదలవు. డెసిబెల్ లెక్కన డీజేదే పైచేయి. దాంట్లో ఆగే చేయి లేదు.

బ్లాక్ సాబత్ సంగతి వేరు. వాళ్ళ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో, పని మానేస్తున్న చివరి రోజున, కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కే వేళ్ళే అవి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలితొడుగులు చేసుకున్నాడు. తర్వాత నొప్పి తగ్గాలని తీగల బిగువు సడలిస్తే శ్రుతి కిందికి దిగింది. హెవీ మెటల్ అనే సంగీతం సగం ఆ సడలిన తీగల నుంచే పుట్టింది. 2013లో రూబిన్ వాళ్ళను 1970 నాటి తొలి ఆల్బమ్ దగ్గరికి నడిపించి ‘13’ చేయించాడు. అయోమీ అప్పటికి క్యాన్సర్ వైద్యంలో ఉన్నాడు. నలభై మూడేళ్ళ తర్వాత వాళ్ళు బ్రిటన్‌లో మళ్ళీ మొదటి స్థానానికి చేరారు. నేను ఆ ఆల్బమ్ ఇష్టంగానే వింటాను కానీ ఏదో వెలితి. ఆ వెలితి పేరు బిల్ వార్డ్. ఒప్పందం దగ్గర గొడవొచ్చి ఆ పాత డ్రమ్మర్ రాలేదు. బదులుగా వచ్చిన బ్రాడ్ విల్క్ గట్టివాడే, తాళం తప్పడు. వార్డ్ కొంచెం వెనకబడి, తూగుతూ కొట్టేవాడు. ఆ తూగు లేదు. 2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో తొలి సభ్యులు నలుగురూ కలిసి ఆఖరిసారి వాయించినప్పుడు, గాయకుడు ఆజీ ఆస్బోర్న్ లేవలేక కుర్చీలో కూర్చుని పాడినప్పుడు, వార్డ్ వెనక ఉన్నాడు. చేతులు మునుపటిలా ఆడకపోయినా ఆ తూగు వినిపించింది. పదిహేడు రోజులకు ఆజీ పోయాడు.

రూబిన్ 1995లో ఏసీ/డీసీని కూడా పట్టాడు. ‘బాల్‌బ్రేకర్’ ఆల్బమ్ అతని చేతిదే. ఒకే పాటను పదేపదే వాయించమని రోజులు గడిపే ఆ పద్ధతి మాల్కమ్‌కు నచ్చలేదు. 2000లో వచ్చిన ‘స్టిఫ్ అప్పర్ లిప్’కు అన్న జార్జ్‌నే పిలుచుకున్నారు. ఇల్లు వదలని వాళ్ళకు ఇంటిదారి చూపించేవాడెందుకు అనుకున్నారేమో.

‘పవర్ అప్’ దగ్గరికి వద్దాం. మాల్కమ్ లేకుండా మాల్కమ్ మోత ఎలా వచ్చింది? మొదటి సంగతి, పాటలు అతనివే. అన్నదమ్ములిద్దరూ ఏళ్ళ తరబడి గిటారు వరసలు అల్లి, టేపుల్లో ఎక్కించి డబ్బాల్లో దాచారు. చాలావరకు 2008 నాటి ‘బ్లాక్ ఐస్’కు ముందువి. ఆంగస్ ఆ డబ్బాలు తెరిచి ఏరుకున్నాడు. అందుకే పన్నెండు పాటలకూ రచయితలుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నిర్మాత బ్రెండన్ ఓబ్రయన్. చెవుల కోసం బ్రయాన్‌కు కొత్తరకం ఇయర్‌ఫోన్ పరికరం దొరికింది.

కానీ వరస టేపులో ఉంటే చాలదు, దాన్ని వాయించే చేయి కావాలి. ఆ చేయి స్టీవీ యంగ్‌ది. యంగ్‌ల పెద్దన్న కొడుకు. మాల్కమ్, ఆంగస్ ఇద్దరూ అతనికి చిన్నాన్నలు. పేరుకే చిన్నాన్నలు, ఆంగస్ 1955లో పుడితే స్టీవీ 1956లో పుట్టాడు. 1988లో మాల్కమ్ తాగుడు మానడానికి కొన్ని నెలలు తప్పుకుంటే అమెరికా టూరులో స్టీవీనే నిలబెట్టారు. చూసిన చాలామందికి మనిషి మారినట్టే తెలియలేదట. అదే పొట్టి ఆకారం, అదే జుట్టు, అదే నిలబడే తీరు. ఇరవై ఆరేళ్ళ తర్వాత, 2014లో మళ్ళీ ఆ చోటికే వచ్చాడు. ఒకే ఇంట్లో, ఒకే పాటలు వింటూ పెరిగితే తప్ప ఆ కుడిచేతి విరుపు పట్టుబడదని నా నమ్మకం. సంగీత కళాశాలలో నేర్పేది కాదది.

సురభి డేరాలోనూ అంతే. నెలల పిల్లలే లవకుశులుగా ఊయలెక్కుతారు, నడక రాగానే చిన్నకృష్ణుడు, మాట రాగానే ప్రహ్లాదుడు. పెద్దయ్యాక వేషానికి సరిపడా గొంతు రాకపోతే తాడు దగ్గరో, తెర దగ్గరో, తబలా దగ్గరో చోటుంటుంది. ఆ చోటు తక్కువదని అక్కడ ఎవరూ అనుకోరు. 2022లో బాబ్జీ గారు పోయినప్పుడు కంపెనీ ఆగలేదు. ఇబ్బంది వేరేచోట ఉంది. హైదరాబాద్ శేరిలింగంపల్లి సురభి కాలనీలో పెరిగిన పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలకు పోతున్నారు. పోకుండా ఉండమనే హక్కు మనకెవరికీ లేదు. చేయి మాత్రం ఇంట్లో ఉండేవాడికే అబ్బుతుంది. ఈ ముడి ఎలా విప్పాలో పెద్దపెద్ద అవార్డులిచ్చిన ప్రభుత్వాలు ఇంతవరకూ ఆలోచించినట్టు లేదు.

కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలో పద్యనాటకం జరిగే రాత్రి హాల్లో కూర్చుంటే ప్రేక్షకుల వైపు కథ అర్థమవుతుంది. హరిశ్చంద్రుడు కాటిసీనులో పద్యం ఎత్తుకోగానే ముందు వరుసలో పెద్దాయన ఒకరు కళ్ళు మూసుకుంటారు. ఆ పద్యం ఆయనకు కంఠోపాఠం, ఆయన నోట్లో పెదాలు ఆడుతుంటాయి. రాగం ఎక్కడ విరవాలో అక్కడ విరవకపోతే ముఖం చిట్లిస్తారు. విరిస్తే వన్స్‌మోర్. ఆయనకు కొత్త పద్యం అక్కర్లేదు. ఈ పద్యం ఈ రాత్రి కుదిరిందా లేదా, అంతే. ఏసీ/డీసీ స్టేడియానికి ఎర్రకొమ్ముల లైటు తలకు పెట్టుకుని వచ్చే డెబ్భై వేలమందీ ఈ పెద్దాయన బాపతే.

అలాగని ‘పవర్ అప్’ అంతా నిప్పేనని అనను. ‘షాట్ ఇన్ ద డార్క్’ పాట రోడ్డు మీద బండి నడుపుతూ వింటే యాక్సిలరేటర్ మీద కాలు తెలియకుండానే బిగుస్తుంది. నందికొట్కూరు దారిలో ఆ పాట వినొద్దని నా సలహా. రెండో సగం మాత్రం కాస్త చప్పబడుతుంది. మాల్కమ్ బతికుంటే రెండు మూడు పాటలు తీసి మళ్ళీ డబ్బాలో వేసేవాడనిపిస్తుంది. వద్దని చెప్పే పని కూడా వెనక నిలబడ్డవాడిదే. ఆ పని స్టీవీకి ఎవరూ అప్పగించలేదు.

2023 అక్టోబరులో కాలిఫోర్నియాలో పవర్ ట్రిప్ ఉత్సవంలో వాళ్ళు తిరిగి స్టేజీ ఎక్కారు. డ్రమ్ముల దగ్గర ఫిల్ రడ్ లేడు, మ్యాట్ లాగ్ అనే కొత్త మనిషి. 2024 టూరు నాటికి క్లిఫ్ విలియమ్స్ కూడా లేడు, క్రిస్ చేనీ వచ్చాడు. బ్రయాన్ గొంతు పైస్థాయిని అందుకోలేక కొన్ని పాటల్లో పక్కకు జారుతోంది. డెబ్భై దాటిన మనిషి, జారకుండా ఎలా ఉంటుంది? పాతవాళ్ళు ఇద్దరే మిగిలినా స్టేడియాలు నిండుతున్నాయి, ఎందుకంటే స్టీవీ కాలు ఆంప్‌ల ముందు తాళం వేస్తూనే ఉంది.

వినాలనుకునేవాళ్ళకు ఒక చిట్కా. వీళ్ళ పాత రికార్డుల్లో సాధారణంగా మాల్కమ్ గిటారు ఎడమవైపు, ఆంగస్ గిటారు కుడివైపు వినిపిస్తాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఒకసారి పూర్తిగా వినండి. రెండోసారి కుడి చెవిది తీసేయండి. ఆంగస్ మెరుపులు పోయినా పాట చెక్కుచెదరదు. మూడోసారి ఎడమది తీసి, కుడిది పెట్టుకుని చూడండి. తర్వాత ‘పవర్ అప్’కు రండి. సురభివాళ్ళు మన వైపు డేరా వేసినప్పుడు టికెట్టు కొనే చోట హార్మోనియం పక్క సీటు అడగండి. అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.